ఒకే ఫ్యాక్ట్‌షీటులో రెండు అంకెలు: ఆరోగ్య గణాంకాలను బొమ్మగా గీసేముందు

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్పి జవాబులోకి వెళతాను. మీరు హైదరాబాదులో ప్రజారోగ్యం చదువుతున్నారు. డేటా విజువలైజేషన్ పేపరు కోసం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) తెలంగాణ జిల్లా ఫ్యాక్ట్‌షీట్లను (జిల్లాకొకటి చొప్పున ఇచ్చే ముఖ్య అంకెల పట్టికలను) తీసుకుని, పిల్లల్లో రక్తహీనతకు ఒకటి, సిజేరియన్ కాన్పులకు ఒకటి చొప్పున రెండు జిల్లా మ్యాపులు గీశారు. రంగుల తరగతులు మార్చేసరికి అదే డేటాతో ఒకసారి రాష్ట్రమంతా ఒకేలా ఉన్నట్టు, మరోసారి జిల్లాల మధ్య అగాధం ఉన్నట్టు కనిపించింది. రెండు జిల్లాలు ఎందుకో ఖాళీగా మిగిలాయి. నాలుగో విడతతో పోలిస్తే రక్తహీనత బాగా పెరిగినట్టు వచ్చింది. ఇది చూసిన మీ మేనమామగారు, ఆయన డాక్టరు కూడా కాబట్టి, "ఆ సర్వే లెక్కలన్నీ తప్పులే" అని తేల్చేశారు. ఇంతకీ ఈ గణాంకాలను నమ్మాలా, వద్దా అన్నది మీ సందేహం.

చాలా ఏళ్లుగా ఆరోగ్య సర్వేల గణాంకాలతోనే పనిచేస్తున్నవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, సర్వే మొత్తానికి కలిపి నమ్మాలా వద్దా అని అడిగితే జవాబు దొరకదు. మీరు ఎంచుకున్న రెండు సూచికలూ ఒకే ఫ్యాక్ట్‌షీటులో, ఒకే అచ్చులో, ఒకే దశాంశ స్థానంతో ఉన్నాయి. అయినా వాటిలో ఒకటి గట్టిది, రెండోది జాగ్రత్తగా పట్టుకోవలసినది. ఆ తేడా ఫ్యాక్ట్‌షీటులో కనిపించదు. మీ మ్యాపులోనూ కనిపించలేదు. కనిపించేలా గీయడమే మీ పేపరులో అసలు పని.

సిజేరియన్‌తో మొదలుపెడదాం. తెలంగాణలో సర్వేకు ముందు అయిదేళ్లలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లని ఐదో విడత చెబుతోంది. దేశం మొత్తానికి ఇది 21.5 శాతం. రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రుల కాన్పుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల కాన్పుల్లో 44.5 శాతం ఆపరేషన్లే. ఈ అంకె ఎలా పుట్టిందో ఆలోచించండి. సర్వే ఉద్యోగి ఇంటికి వెళ్లి తల్లిని అడుగుతుంది: కాన్పు ఎక్కడ అయింది, మామూలుగా అయిందా, ఆపరేషనా? కడుపు కోసి బిడ్డను తీసిన సంగతిని నాలుగేళ్ల తర్వాత కూడా ఏ తల్లీ మరిచిపోదు. చెప్పడానికి సిగ్గుపడే విషయమూ కాదు, కొలవడానికి యంత్రమూ అక్కర్లేదు. ఆస్పత్రి కాన్పులు రాష్ట్రంలో దాదాపు 97 శాతం కాబట్టి ఇంటి కాన్పులను ఎలా లెక్కించారన్న పేచీ కూడా పెద్దగా లేదు. అందుకే ఈ 60.7ను నేను నిశ్చింతగా వాడతాను.

అయితే అంకె గట్టిదైనంత మాత్రాన దాని మీద మనం కట్టే వాదన కూడా గట్టిదైపోదు. మీరు మ్యాపు కింద "ప్రైవేటు ఆస్పత్రులు అనవసరంగా కోస్తున్నాయి" అని రాశారు. ఎవరు ఏ ఆస్పత్రికి వెళుతున్నారు, మొదటి కాన్పు సిజేరియన్ అయినవారు ఎందరు, ముహూర్తం చూసుకుని తేదీ అడిగినవారు ఎందరు అన్నది ఆ ఫ్యాక్ట్‌షీటులో లేదు. మరోవైపు కష్టమైన కేసులు చివరికి గాంధీ, పేట్లబురుజు వంటి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులకే రిఫర్ అవుతాయి కదా, అయినా ప్రభుత్వ శాతం సగంకంటే తక్కువగా ఉంది కదా అని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో 10–15 శాతాన్ని ప్రమాణంగా చెప్పింది. జనాభా స్థాయిలో 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న ఆధారం లేదని 2015లో మళ్లీ చెప్పింది. 81.5ను కేవలం కేసుల తేడాతో వివరించడం కష్టమని నా అభిప్రాయం. కానీ అది నా అభిప్రాయం. మీ మ్యాపు దానిని రుజువు చేయదు. ఆ రెంటినీ వేర్వేరు వాక్యాలుగా రాయండి.

ఇక రక్తహీనత. తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నాలుగో విడతలో (2015–16) 60.7 శాతం ఉన్నది ఐదో విడతలో 70.0కు చేరింది. (ఈ 60.7, సిజేరియన్ల 60.7 ఒకటే కావడం కాకతాళీయం. మీ పట్టికలో ఒక వరుస బదులు మరొకటి అతికిందేమోనని నేను రెండుసార్లు చూసుకున్నాను.) దేశం మొత్తంలో కూడా 58.6 నుంచి 67.1కి పెరిగింది. మీరు దీన్ని ఎర్ర రంగులో, పైకి పోయే బాణంతో చూపించారు. ఇప్పుడు ఈ అంకె పుట్టిన చోటుకు వెళదాం.

సర్వే బృందంలోని ఆరోగ్య పరిశోధకురాలు ఒక పిల్లవాణ్ణి తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, వేలి కొసను స్పిరిటుతో తుడిచి, ఆరనిచ్చి, లాన్సెట్ అనే చిన్న సూదితో గుచ్చుతుంది. ఏడాది నిండని పసివాళ్లకైతే వేలికి బదులు మడమ. మొదట వచ్చిన చుక్కలను తుడిచేసి, ఆ తర్వాతి చుక్కను క్యూవెట్ అనే చిన్న ప్లాస్టిక్ పలకలోకి పీల్చి, హీమోగ్లోబిన్ కొలిచే హీమోక్యూ అనే చిన్న యంత్రంలో పెడితే నిమిషం లోపే తెర మీద అంకె వస్తుంది. పుస్తకంలో ఇంతే. ఇంట్లో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తూ చెయ్యి లాక్కుంటాడు, రక్తం సరిగా రాదు, వేలిని పిండవలసి వస్తుంది. పిండితే రక్తంతో పాటు కణజాలంలోని ద్రవం కూడా కలుస్తుంది, రక్తం పలచబడుతుంది, హీమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. స్పిరిటు ఆరకముందే గుచ్చినా అంతే. క్యూవెట్ల డబ్బా మూత తీసి ఉంచితే తేమ తగిలి రీడింగు మారుతుంది. తెలంగాణలో ఈ సర్వే 2019లో, వానాకాలాన్ని కలుపుకొని జరిగింది. సిబ్బంది అజాగ్రత్తపరులని నా ఉద్దేశం కాదు. వారికి శిక్షణ, పర్యవేక్షణ రెండూ ఉంటాయి. పద్ధతికే ఉన్న ఒడిదుడుకులు ఇవి.

వేలి చుక్కకు బదులు సిరలోంచి రక్తం తీసి ప్రయోగశాలలో పరీక్షిస్తే ఏమవుతుంది? ఆ పని 2016–18లో సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో జరిగింది. అందులో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత దేశవ్యాప్తంగా సుమారు 41 శాతమే వచ్చింది. దాదాపు అదే కాలానికి వేలి చుక్క 58.6 అంటోంది. వయసుల పరిధి కొంచెం వేరు. ఆర్నెల్ల నుంచి ఏడాది లోపు పసివాళ్లు ఒక సర్వేలో ఉన్నారు, రెండోదానిలో లేరు. వాళ్లలో రక్తహీనత ఎక్కువే. ఆ తేడా తీసేసినా పదిహేడు పాయింట్ల అంతరం మొత్తం పూడదు. ఈ చర్చ ఎంతవరకు వెళ్లిందంటే, కేంద్ర ప్రభుత్వం ఆరో విడత కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి రక్తహీనత పరీక్షను తప్పించి, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన ఆహార, జీవసూచికల సర్వేకు అప్పగించింది. దానిలో రక్తం సిర నుంచే తీస్తారు. మీ కాలేజీ నుంచి సిటీ బస్సులో వెళ్లగలిగినంత దూరంలో ఉన్న సంస్థ అది. మీ పేపరులో దాని ప్రస్తావన లేకపోవడం లోటు.

గీత ఎక్కడ గీస్తారన్నది ఇంకో సంగతి. అయిదేళ్ల లోపు పిల్లలందరికీ హీమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 11 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత అని చాలాకాలం లెక్కించారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లలకు ఆ గీతను 10.5కు దించింది. 10.7 ఉన్న ఏడాదిన్నర పిల్లవాడు పాత లెక్కలో రోగి, కొత్త లెక్కలో ఆరోగ్యవంతుడు. అతని రక్తంలో మాత్రం ఏ మార్పూ రాలేదు.

ఇంతవరకు చదివి మీ మేనమామగారు "నేను చెప్పలేదా!" అంటారేమో. ఆయనతో నేను ఏకీభవించను. సిరరక్తం లెక్క ప్రకారం చూసినా ప్రతి అయిదుగురు పిల్లల్లో ఇద్దరికి రక్తహీనత ఉంది. దాన్ని చిన్న సమస్య అనడానికి వీల్లేదు. పైగా రెండు విడతల్లోనూ పద్ధతి ఒకటే కాబట్టి పద్ధతిలోని దోషం రెండు వైపులా సమానంగా ఉండి, పెరుగుదల నిజమే కావచ్చునన్న వాదనకూ బలముంది. రెండు విడతల్లో వేళ్లను ఒకేలా పిండారా అన్నది మాత్రం ఎవరూ కొలవలేదు. కాబట్టి నేనైతే "వేలి చుక్క పద్ధతిలో 60.7 నుంచి 70.0కు పెరిగినట్టు నమోదైంది" అని బొమ్మ శీర్షికలోనే పద్ధతిని చేర్చి రాస్తాను. పక్కనే జాతీయ స్థాయి పోలికగా వేలి చుక్క, సిరరక్తం అంకెలను రెండు బిందువులుగా పెడతాను. చూసేవారికి ఆ ఒక్క బొమ్మతోనే విషయం అర్థమవుతుంది. అంకె ఇబ్బందిగా ఉన్నప్పుడు మాత్రమే పద్ధతిని తప్పుపట్టడం, మనకు నచ్చినప్పుడు పద్ధతి ఊసెత్తకపోవడం మన దగ్గర పార్టీలకతీతంగా ఉన్న అలవాటు. విద్యార్థిగా ఉన్నప్పుడే దాన్ని వదిలించుకోండి.

మీరు పంపిన ఎక్సెల్ ఫైలులో నాకు ఒకచోట మైనస్ 45.2 శాతం కనిపించింది. శాతం మైనస్‌లో ఉండదని మీకు తెలుసు, అయినా మ్యాపు దాన్ని అన్నింటికంటే లేత రంగులో చక్కగా గీసింది. జరిగింది ఇది: ఫ్యాక్ట్‌షీట్లలో 25 నుంచి 49 మందిని మాత్రమే ఆధారం చేసుకుని లెక్కించిన విలువను బ్రాకెట్లలో వేస్తారు, 25 కంటే తక్కువ మంది ఉంటే విలువ వేయకుండా నక్షత్రం గుర్తు పెడతారు. పీడీఎఫ్ నుంచి కాపీ చేసి ఎక్సెల్‌లో అతికించగానే, బ్రాకెట్లలోని అంకెను అకౌంటెంట్ల పద్ధతి ప్రకారం అది రుణసంఖ్యగా మార్చేస్తుంది. నక్షత్రం ఉన్న గడి వట్టి అక్షరంగా మిగిలి, ఆ తర్వాతి దశలో సున్నా అయిపోతుంది. "ఈ అంకెను ఆచితూచి వాడు" అని సర్వే చేసినవారు పెట్టిన హెచ్చరిక మీ చేతిలోకి వచ్చేసరికి తప్పుడు విలువగా మారిందన్నమాట. బ్రాకెట్, నక్షత్రం ఉన్న గడులకు పక్కన వేరే కాలమ్ పెట్టి గుర్తు నిలుపుకోండి. మ్యాపులో వాటిని బూడిద రంగులో గీతలు కొట్టినట్టు చూపించండి. సున్నాకు, సమాచారం లేకపోవడానికి ఒకే రంగు వేయడం ఆరోగ్య మ్యాపుల్లో నేను చూసే పొరపాట్లలో చాలా సాధారణమైనది.

ఖాళీగా మిగిలిన రెండు జిల్లాలు ములుగు, నారాయణపేట అయి ఉండాలి. ఐదో విడత 2017 మార్చి 31 నాటి జిల్లా హద్దులతో జరిగింది. అప్పటికి తెలంగాణలో 31 జిల్లాలే. జయశంకర్ భూపాలపల్లి నుంచి ములుగు, మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట విడిపోయి 33 అయింది 2019 ఫిబ్రవరిలో. మీరు దించుకున్న మ్యాపు ఫైలు 33 జిల్లాలది. పాత హద్దుల ఫైలు దొరకకపోతే ఆ రెండు జతలను కలిపి ఒక్కో బహుభుజిగా చేసుకోండి. నాలుగో విడతతో జిల్లాల వారీ పోలిక అయితే అసలు కుదరదు, ఎందుకంటే 2016 అక్టోబరు 11న పునర్విభజన జరగకముందు ఉన్నవి పది జిల్లాలే. "రంగారెడ్డిలో ఇంత పెరిగింది, వరంగల్‌లో అంత తగ్గింది" అని మీరు గీసిన పట్టీల బొమ్మలో పేర్లు ఒకటే, ప్రాంతాలు వేరు. ఆ బొమ్మను తీసేయండి. రాష్ట్ర స్థాయి పోలిక మాత్రం ఉంచుకోవచ్చు.

రంగులు మారిస్తే కథ మారడం గురించి మీరు ఎక్కువ కలవరపడ్డారు కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. ఊహాత్మకంగా, 31 జిల్లాల విలువలు 62 నుంచి 78 మధ్య ఉన్నాయనుకోండి. సున్నా నుంచి వంద వరకు ఇరవై చొప్పున అయిదు తరగతులు చేస్తే అన్ని జిల్లాలూ 60–80 తరగతిలోనే పడి రాష్ట్రమంతా ఒకే రంగు వస్తుంది. జిల్లాలను వరుసపెట్టి ఇంచుమించు ఆరేసి చొప్పున అయిదు గుంపులుగా విడగొట్టమంటే సాఫ్ట్‌వేరు తప్పనిసరిగా అయిదు రంగులూ వాడుతుంది, 69.4 ఉన్న జిల్లా నారింజ రంగులో, 69.9 ఉన్న జిల్లా ముదురు ఎరుపులో వస్తాయి. రెండు మ్యాపుల్లోనూ అబద్ధం లేదు. అయితే ఏది సమంజసమో తేల్చడానికి రంగుల పెట్టె సరిపోదు, జిల్లాల మధ్య కనిపించే తేడాలో శాంపిల్ వల్ల, అంటే అందరినీ కాక కొందరినే చూడటం వల్ల, వచ్చే చలనం ఎంత అన్నది తెలియాలి.

ఆ లెక్క కాగితం మీదే చేయవచ్చు. తెలంగాణలో ఈ సర్వే ఒక్కో జిల్లాకు సగటున 900కు కాస్త తక్కువ ఇళ్లకు వెళ్లింది. ఒక జిల్లాలో రక్తం పరీక్షించిన పిల్లలు 250 మంది, అందులో 70 శాతానికి రక్తహీనత అనుకుందాం. సాధారణ సూత్రం ప్రకారం 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు విలువ ఉండగల పరిధి, అటూ ఇటూ 5.7 పాయింట్లు. ఇళ్లను గుంపులుగా ఎంచుకున్నందువల్ల చలనం ఇంకా పెరుగుతుంది. ఆ పెరుగుదలను కొలిచే డిజైన్ ప్రభావం 1.5 అనుకుంటే అంతరం అటూ ఇటూ ఏడు పాయింట్లు. అంటే 70 అని అచ్చయిన విలువ నిజానికి 63 నుంచి 77 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. మన ఊహాత్మక రాష్ట్రంలో జిల్లాలన్నీ 62–78 మధ్యనే ఉన్నాయి కదా. ఆ తేడాల్లో చాలా భాగం శాంపిల్ చలనమే కావచ్చు. కాబట్టి ఆ సందర్భంలో ఒకే రంగులో కనిపించిన మ్యాపు, అందంగా లేకపోయినా, సత్యానికి దగ్గరగా ఉంది. సిజేరియన్ల విషయంలో జిల్లాల మధ్య వ్యత్యాసం ఈ చలనంకంటే బాగా పెద్దదేమో మీరే ఇదే సూత్రంతో చూసుకోండి.

పత్రికల్లో వచ్చే ర్యాంకులకూ ఇదే వర్తిస్తుంది. జనన మరణాలను శాంపిల్ ప్రాంతాల్లో నిరంతరం నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ ఇచ్చిన 2018–20 శాంపిల్ రిజిస్ట్రేషన్ నివేదికలో ప్రసూతి మరణాల నిష్పత్తి లక్ష సజీవ జననాలకు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ప్రసూతి మరణాలు శాంపిల్‌లో చాలా తక్కువగా దొరుకుతాయి కాబట్టే మూడేళ్ల సమాచారం కలిపి లెక్కిస్తారు. పట్టికలో ప్రతి రాష్ట్రం పక్కనా విశ్వాస అంతరం కూడా ఇస్తారు. ఆ అంతరాలు చూస్తే 43కు, 45కు మధ్య పోటీ పెట్టడంలో అర్థం లేదని తెలుస్తుంది. రెండు రాష్ట్రాల వాట్సాప్ గ్రూపుల్లో ఆ పోటీ మాత్రం ఆగదు.

మ్యాపుకు ఉన్న ఇంకో చిక్కు విస్తీర్ణం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విస్తీర్ణం సుమారు 7,480 చదరపు కిలోమీటర్లు, హైదరాబాదు జిల్లాది 217. కాగితం మీద మొదటిది రెండోదానికంటే ముప్పై రెట్లకు పైగా పెద్దదిగా కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం కొత్తగూడెం ప్రాంతంలో సుమారు 10.7 లక్షల మంది, హైదరాబాదు జిల్లాలో 39.4 లక్షల మంది. మీ మ్యాపు చూసేవారి కంటికి అడవులు కనిపిస్తాయి, పాతబస్తీ చుక్కంత మిగులుతుంది. నా సలహా ఏమిటంటే మ్యాపును చిన్నగా, దారి చూపడానికి మాత్రమే ఉంచి, ప్రధాన బొమ్మగా జిల్లా పేర్లను విలువల క్రమంలో నిలువుగా పేర్చి, ప్రతి జిల్లాకూ ఒక బిందువు, దానికి అటూ ఇటూ విశ్వాస అంతరం గీత పెట్టండి. రాష్ట్ర సగటును సన్నటి నిలువు గీతగా వేయండి. ఏ జిల్లాల గీతలు సగటును తాకకుండా దూరంగా ఉన్నాయో వాటి గురించి మాత్రమే మాట్లాడండి.

సర్వేలను వదిలి రిజిస్టర్ల లెక్కలకు వస్తే, హైదరాబాదు గురించి గీసే ప్రతి బొమ్మలోనూ హారం, అంటే కేసులను భాగించే జనాభా, ఒక ఉచ్చు. మీ రెండో అధ్యాయంలో నగరపాలక సంస్థ పరిధిలోని డెంగీ కేసులను హైదరాబాదు జిల్లా జనాభాతో భాగించారు. 2011 నాటి లెక్కలో జిల్లా 39.4 లక్షలు, 2007లో ఏర్పడిన గ్రేటర్ పరిధి 67 లక్షలకు పైగా. లవం ఒక హద్దుది, హారం మరో హద్దుది. ఫలితంగా మీ రేటు అసలుకంటే ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగిపోయింది. హద్దు సరిచేసినా 2011 జనాభా అన్నది కూకట్‌పల్లి, కొండాపూర్, నిజాంపేట వైపు ఎన్నడో పాతబడిపోయింది. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు, వచ్చేది 2027లో. అంతవరకు అంచనా జనాభాను వాడక తప్పదు, వాడినట్టు బొమ్మ కిందే రాయాలి.

జనన మరణాల రిజిస్ట్రేషన్‌లో ఇంకో మెలిక ఉంది. 1969 చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడ నమోదవుతుంది, మనిషి ఏ ఊరివాడన్న దాన్ని బట్టి కాదు. మహబూబాబాద్ నుంచి నిమ్స్‌కు, నల్లగొండ నుంచి ఉస్మానియాకు, ఆదిలాబాద్ నుంచి నిలోఫర్‌కు తెచ్చిన రోగి ఇక్కడ చనిపోతే అది హైదరాబాదు లెక్కలోకి వస్తుంది. నగరవాసుల జనాభాతో దాన్ని భాగించి "హైదరాబాదులో మరణాల రేటు జిల్లాలకంటే ఎక్కువ" అని రాస్తే, ఆస్పత్రులు ఉన్నందుకు నగరాన్ని దోషిగా నిలబెట్టినట్టే.

డెంగీ కేసుల విషయంలో మీకు వచ్చిన అనుమానం, అంటే ఆస్పత్రులు కిటకిటలాడుతున్నాయని వార్తలు, అధికారిక కేసులు మాత్రం కొద్దిగా ఉండటం, న్యాయమైనదే. అధికారిక గణనలోకి ఎలైసా అనే ప్రయోగశాల రక్తపరీక్షలో తేలినవే వస్తాయి. వీధి చివరి ల్యాబులో కార్డు పరీక్షలో పాజిటివ్ వచ్చినవి అనుమానిత కేసులుగానే ఉంటాయి. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో, పాతవాళ్ల మాటలో కోరంటి దవాఖానాలో, వానాకాలం ఓపీ చీటీల సంఖ్య వేరే కొలత: అందులో వైరల్ జ్వరాలు, టైఫాయిడ్, మామూలు జలుబు అన్నీ ఉంటాయి. రోజువారీ ఓపీ గ్రాఫు గీస్తే ఆదివారం లోయ, సోమవారం శిఖరం కనిపిస్తాయి. దోమలకు వారాలు తెలియవు కాబట్టి ఏడు రోజుల సగటు తీసి గీయండి.

కోవిడ్ కాలంలో ఈ నగరమే దీనికి పెద్ద ఉదాహరణ ఇచ్చింది. 2021 మార్చి మొదట్లో తెలంగాణ మొత్తంలో నమోదైన కేసులు సుమారు మూడు లక్షలు. అదే సమయంలో ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, టీకాల కంపెనీ భారత్ బయోటెక్ కలిసి హైదరాబాదు 30 వార్డుల్లో పదేళ్లు దాటిన దాదాపు 9,000 మంది రక్తం పరీక్షించి, 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయని ప్రకటించాయి. నగరంలో ఆ వయసువారు 50 లక్షలే అనుకున్నా పాతిక లక్షలకు పైగా అన్నమాట. అంతకుముందు 2020 ఆగస్టులోనే సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటిని పరీక్షించి, అంతకు ముందరి 35 రోజుల్లో నగరంలో సుమారు 6.6 లక్షల మంది వైరస్ బారిన పడి ఉంటారని అంచనా కట్టారు. ఈ మూడింటిలో దేన్నీ దొంగ లెక్క అననక్కర్లేదు. మొదటిది పరీక్ష చేయించుకుని దొరికినవారి సంఖ్య. దాన్ని "వ్యాధి" అనే శీర్షిక కింద గీసినవారిదే పొరపాటు. పైగా అప్పట్లో చాలామంది సంచిత కేసుల (మొదటి రోజు నుంచి కూడుతూ వచ్చిన మొత్తం) గ్రాఫు గీసేవారు. అది ఎన్నటికీ కిందకు దిగదు, భయం మాత్రం పెంచుతుంది.

శాంపిల్ పెద్దదైతే చాలు అని మీరు ఒకచోట రాశారు. దానికి మన ఊరి చరిత్రలోనే ఒక సమాధానం ఉంది. 1880లలో ఇక్కడ బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ లారీ, ఆపరేషన్‌కు మత్తుమందుగా క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు శ్వాసను గమనిస్తే చాలు, గుండె గురించి దిగులక్కర్లేదని గట్టిగా నమ్మాడు. వేల ఆపరేషన్ల అనుభవం చూపించాడు. 1888లో నిజాం ప్రభుత్వం ఖర్చుతో మొదటి హైదరాబాదు క్లోరోఫామ్ కమిషన్, 1889లో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి రప్పించి రెండోది జరిగాయి. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, గుండెకంటే ముందు శ్వాసే ఆగుతుందని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు వేరే ప్రశ్న అడిగాడు: మత్తు బాగా ఎక్కాక కాకుండా, పైపైన ఉన్నప్పుడు ఏమవుతుంది? ఆ స్థితిలో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చని పిల్లుల మీద చూపించాడు. కమిషన్ చూసిన జంతువుల సంఖ్యలో లోపం లేదు, వాటిని చూసిన సందర్భంలో ఉంది. ఆపరేషన్ బల్ల మీద రోగి మొదటి నిమిషాల్లోనే పోయిన సంఘటనలకు ఆ వందల ప్రయోగాలు జవాబు చెప్పలేకపోయాయి.

మీ గడువు దగ్గరపడుతోందని రాశారు కాబట్టి, నేనైతే పేపరును ఇలా కుదిస్తాను. డెంగీ అధ్యాయంలో హారం సరిచేసి క్లుప్తంగా ఉంచుతాను లేదా తీసేస్తాను. సిజేరియన్, రక్తహీనత రెండింటికీ బిందువులు–గీతల బొమ్మలు ఎదురెదురుగా పెట్టి, రెండింటి అంకెలూ ఎలా పుట్టాయో చెరో పేరాలో రాస్తాను. మీ విభాగం ద్వారా సర్వే యూనిట్ స్థాయి డేటా (ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఉండే అసలు ఫైళ్లు) సంపాదించగలిగితే శాతాల కంటే మెరుగైన బొమ్మ ఒకటి గీయవచ్చు: పిల్లల హీమోగ్లోబిన్ విలువలనే హిస్టోగ్రామ్‌గా (ఏ విలువ దగ్గర ఎంతమంది ఉన్నారో చూపే పట్టీల బొమ్మగా) వేసి, రెండేళ్ల లోపు వారికి 11 దగ్గర ఒక గీత, 10.5 దగ్గర ఒక గీత పెట్టండి. ఆ రెండు గీతల మధ్య ఎంతమంది పిల్లలు ఇరుక్కున్నారో చూస్తే మీ మేనమామగారితో వాదన కూడా సులువవుతుంది. ఇంటి సభ్యుల ఫైలులో, సముద్రమట్టం నుంచి ఊరి ఎత్తును బట్టి సవరించిన హీమోగ్లోబిన్ హెచ్‌సీ56 అనే పేరుతో ఉంటుంది. దశాంశ బిందువు లేకుండా నిల్వ చేస్తారు కాబట్టి 109 అంటే 10.9, 990 దాటినవి పరీక్షకు ఒప్పుకోనివారికి, విలువ లేనివారికి ఇచ్చిన కోడ్లు, వాటిని ముందే తొలగించకపోతే సగటు ఆకాశానికి అంటుతుంది. సర్వే వెయిటును (ఒక్కో వరుసకు లెక్కలో ఎంత ప్రాధాన్యమివ్వాలో చెప్పే సంఖ్యను) పది లక్షలతో భాగించి వాడండి. అన్నీ సరిగా చేశారో లేదో తెలుసుకోవడానికి, మొదట 11 గీతతో రాష్ట్రం మొత్తానికి శాతం లెక్కించి చూడండి, 70.0 రాకపోతే ఆ తర్వాతి బొమ్మ గీయకండి, వెనక్కి వెళ్లి కోడును చూసుకోండి.